కుండలో కలి ఉంది

మంగళవారం పొద్దున్న టేర్ రూజ్ నుంచి కూరగాయల బండి తోలుకొచ్చే మనిషి మా గుమ్మంలో చిన్న మూట ఒకటి పెట్టి, "ఆవిడ పోయిందమ్మా. పది రోజులైంది. ఇది మీకిమ్మంది" అన్నాడు. ఎవరావిడ అని అడగబోయి ఆగిపోయాను. మూటలోంచి వచ్చే వాసన అప్పటికే చెప్పేసింది. పులిసిన బియ్యం కడుగు వాసన. ఆ వాసన ముక్కుకి తగిలి పద్నాలుగేళ్లయింది.

"ఇంకేమైనా చెప్పమందా?" అన్నాను.

"సెప్పమంది. చిన్న ముక్కే. దారి పొడుగునా అనుకుంటానే వచ్చాను. ఈ సెయింట్ పియర్ కూడలిలో ఎవడో బండికి అడ్డం వచ్చాడు. ఆణ్ణి తిట్టేతలికి అది కాస్తా పోయింది. శుక్రారం మళ్లీ వత్తాను గదా, ఈలోగా గుర్తొత్తాదిలెండి."

బండి వెళ్లిపోయింది. నేను మూట చేత్తో ముట్టుకోలేదు. పొయ్యి దగ్గర పట్టకారు తెచ్చి, దాంతో ఎత్తి, పెరటి గోడ మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన రాయి ఉంచాను. మా ఆయన చూసి నవ్వాడు. "చచ్చిపోయిన ముసలమ్మ పంపిన గుడ్డ మూట నిన్నేం చేస్తుందే?" అన్నాడు. ఆయనకేం, ఎవరింట్లో ఏం పెట్టినా తినేసి వస్తాడు. నేను అలా కాదు. పాలు విరిగితే పాలవాణ్ణీ, గిన్నెనీ, పక్కింటివాళ్లనీ వరసగా అనుమానించే రకం నేను. ఈ గుణం నాకెవరి దగ్గర అబ్బిందో కూడా తెలుసు. ఆ మూట పంపిన ఆవిడ దగ్గరే.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. తన పేరు పరాయివాళ్ల నోట్లో పడడం ఆవిడకి ఇష్టం ఉండేది కాదు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలికేది కాదు. ముందు వాళ్లని కిందికీ పైకీ చూసి, "నా పేరు నీకెవరు సెప్పారు?" అనేది. ఆవిడా మా అమ్మమ్మా ఒకే ఓడలో కోరంగి రేవు నుంచి ఈ చెరకు దీవికి కూలికి వచ్చారు. ఒకే ఓడలో వచ్చినవాళ్లంటే ఇక్కడ ఒక కడుపున పుట్టినవాళ్లతో సమానం. అందుకని మా అమ్మ ఆవిణ్ణి పిన్నీ అనేది, నేను చిన్నమ్మమ్మా అనేదాన్ని. మా అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. ఈవిడ మాత్రం మోకా వైపు ఒక చెరకు తోట క్యాంపులో, మా వరసలోనే చివరి గదిలో, ఒక్కతే ఉండేది. కట్టుకున్నవాడు వచ్చిన రెండో ఏడే జ్వరంతో పోయాడట.

ఊళ్లో కూలీలను పోగుచేసే మనిషి, "ఎంతో దూరం కాదు, దగ్గరే, రెండు రోజుల ప్రయాణం" అని చెప్పి ఓడెక్కించాడట. రెండో రోజు సాయంత్రం ఆవిడ తల దువ్వుకుని, మూట సర్దుకుని, దిగడానికి తయారై కూర్చుందట. ఆ తరవాత నెల దాటినా నీళ్లే. అప్పటినుంచి 'దగ్గరే' అన్న మాట ఎవరి నోట విన్నా ఆవిడ విరగబడి నవ్వేది. ఆ నవ్వులో సంతోషం ఏమీ ఉండేది కాదు. "ఆసుపత్రి దగ్గరే పిన్నీ, రా పోదాం" అని మా అమ్మ అంటే, "ఆఁ, దగ్గరే! మూట సర్దుకోమంటావేటి?" అనేది.

చేతికి ఏది ఇచ్చినా రెండుసార్లు వాసన చూసేది. ఒకసారి ముక్కుకి ఆనించి, ఇంకోసారి చెయ్యి బారజాపి. దగ్గర వాసన వేరు, దూరం వాసన వేరనీ, దగ్గర వాసన అబద్ధాలు చెప్తుందనీ అనేది. వారం వారం తోటవాళ్లు బియ్యం కొలిచి పోస్తే, అందరూ కొంగు పట్టి పోయించుకుని పోయేవాళ్లు. ఆవిడ మాత్రం గింజ కొరికి, గుప్పెడు ఎత్తి వాసన చూసి, "ఇది ఓడ అడుగున తడిసిన బియ్యం" అని కూలీల మీద పెత్తనం చేసే సర్దారు మొహం మీదే అనేది. మా అమ్మ పాయసం పంపితే ముందు నా చేత రెండు చెంచాలు తినిపించి, నా మొహంలోకి కాసేపు చూసి, నేను బతికే ఉన్నానని తేల్చుకున్నాక తను తినేది. నాకేం కోపం లేదు, నా రెండు చెంచాలు నాకు దక్కేవి. ఎవరేం చెప్పినా చివరికి ఆవిడ అనేది ఒకటే మాట. "ఏటో, సూద్దాం." పెళ్లి కుదిరిందన్నా అదే, వాన వస్తుందన్నా అదే.

క్యాంపులో అందరినీ అనుమానించే ఈ మనిషిని క్యాంపంతా అనుమానించింది. దానికి కారణం ఆవిడ జుట్టు. ఏడాదికి రెండుసార్లు జ్వరాలు తిరగబెట్టే చోట, పాతికేళ్ల ఆడవాళ్లకే జడ చిటికెన వేలంత అయిపోయేది. ఆవిడకి అరవై దాటాయి. మోకాళ్ల దాకా జుట్టు, నల్లగా, ఒత్తుగా. ముడి వేస్తే బరువుకి మెడ వెనక్కి వాలేది. ఆదివారం తలంటుకుని గుమ్మంలో కూర్చుని ఆరబెట్టుకుంటుంటే దారిన పోయే ఆడవాళ్లు చూడనట్టు చూస్తూ పోయేవాళ్లు. "ఆ వయసులో ఆ జుట్టు ఎక్కడిదే? ఎవరిదో లాక్కుని ఉండాలి" అని కాలవ దగ్గర గుసగుసలు పోయేవాళ్లు.

ఇక రెండోది ఆ కుండ. గదిలో మూల, గాలి తగలని చోట, మూతికి పాత గుడ్డ కట్టిన మట్టి కుండ ఉండేది. దాని దగ్గరికి ఎవర్నీ రానిచ్చేది కాదు. రోజూ పొద్దున్న దాని మూత తీసి ఏదో గొణిగేది. శుక్రవారం పసుపు రాసి కుంకుమ పెట్టేది. తన నుదుట లేని బొట్టు కుండకి పెట్టడం చూసి మా అమ్మే జడుసుకుంది ఒకసారి. సర్దారుకి అది దొంగసారా అని అనుమానం. ఒకరోజు వచ్చి కుండలో వేలు ముంచి నాకి, మొహం వికారంగా పెట్టి ఉమ్మేసి పోయాడు. మా నాన్నకి సర్దారు మీదే అనుమానం, మంచి సరుకు కనక కావాలనే ఉమ్మేశాడని. ఆవిడ పొలానికి పోయినప్పుడు లోపలికి దూరి ఒక చెంబుడు ముంచుకుని గటగటా తాగేశాడు. సాయంత్రం దాకా పుల్లటి తేన్పులు. "మత్తూ లేదు, మన్నూ లేదు. ఒళ్లు మాత్రం చల్లబడిందే" అని అమ్మకి చెప్పి చీవాట్లు తిన్నాడు.

నాకు పదకొండో ఏట పెద్ద జ్వరం వచ్చింది. మూడు వారాలు మంచం మీదే ఉన్నాను. లేచాక తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు. పడుకుంటే చాప మీద జుట్టు, తింటే అన్నంలో జుట్టు. వెనకవైపు అరచేతి మేర బోడి అయింది. అద్దం లేదు గానీ చెయ్యి పెట్టి తడుముకుంటే తెలిసేది కదా. తడుముకున్నప్పుడల్లా ఏడ్చేదాన్ని. నాకిక జుట్టు రాదనీ, నన్ను అందరూ బోడిగుండూ అంటారనీ నా ఏడుపు. అమ్మ ఓపిక పట్టి పట్టి, ఒక ఆదివారం నా చెయ్యి పట్టుకుని చివరి గదికి లాక్కుపోయింది.

"పిన్నీ, దీని తల చూడు. నీ తలకి ఏం రాస్తావో దీనికీ రాయి. దాచకు" అంది.

ఆవిడ ముందు అమ్మని చూసింది. "నిన్నెవరు పంపారు?" అంది.

"ఎవరు పంపుతారు పిన్నీ! దీని జుట్టు పంపింది."

ఆవిడకి నవ్వొచ్చింది. నన్ను దగ్గరికి లాక్కుని తల రెండుసార్లు వాసన చూసింది, ముక్కు ఆనించి ఒకసారి, దూరంగా నిలబెట్టి ఒకసారి. "ఏటో, సూద్దాం" అంది.

ఆవిడ చేసేది ఇదీ. బియ్యం కడిగిన మొదటి నీళ్లు పారబోసేది, అందులో దుమ్మూ పురుగూ ఉంటాయని. రెండోసారి కడిగిన నీళ్లూ, కాస్త గంజీ కలిపి కుండలో పోసేది. రెండు మూడు రోజులకి అది పులిసి కలి అయ్యి పైన తేట తేరేది. అడుగున చిక్కటిది చారు పెట్టుకోవడానికి, పైన తేట తలకి. తేట ఉన్నదున్నట్టు రాసేది కాదు, సగానికి సగం నీళ్లు కలిపేది. ఘాటుగా రాస్తే మాడు మంటపుడుతుంది. మాడుకి వేళ్లతో పట్టించి, అందులోనే తడిపిన పాత గుడ్డ తలకి చుట్టి, చెరకు మోసే రైలు కూతేసి పోయేదాకా ఎండలో కూర్చోబెట్టేది. తరవాత మందారాకు రసంతో రుద్ది మామూలు నీళ్లతో కడిగేసేది. వారానికి ఒక్కసారే. గుడ్డ మాత్రం నాకే ఇచ్చి పంపేది, ఎండబెట్టుకుని మళ్లీ వారం తెచ్చుకోమని. ఇంకెవరి తలకీ ఆ గుడ్డ తగలనీయొద్దనేది.

ఇందులో చిల్లంగి ఎక్కడుంది? ఇప్పుడు చూస్తే ఎక్కడా లేదు. అప్పుడు నాకు అడుగడుగునా కనిపించింది. కంపు కొట్టే ఆ నీళ్లు నా తలకి పోస్తూ ఆవిడ నాకు చెప్పిన సంగతులు ఒక్కటీ నమ్మేట్టు లేవు. "ఈ కలి మా అమ్మది. నాతోపాటే ఓడలో వచ్చింది" అనేది. ఓడలో తాగే నీళ్లే కొలిచి పోసేవారని చెప్పింది ఈవిడే కదా, కుండెడు పులి నీళ్లు ఎలా తెచ్చింది? అబద్ధం. "ఇది ఎప్పుడూ ఖాళీ చెయ్యకూడదు. తీసినంత మళ్లీ పొయ్యాల. ఖాళీ చేస్తే ఇంటికి మంచిది కాదు" అనేది. నీళ్లకీ ఇంటికీ ఏమిటి సంబంధం?

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది నా జుట్టే. దువ్వినప్పుడు ఊడిన నా జుట్టుని ఆవిడ పారేసేది కాదు. వేలికి చుట్టి, చిన్న ఉండ చేసి, గోడ రాళ్ల సందులో దోపేది. "ఎందుకు చిన్నమ్మమ్మా?" అంటే "నీకేలే" అనేది. నాకా? ఊడిపోయిన జుట్టు నాకెందుకు? నేను లెక్క కట్టుకున్నాను. నాది ఊడుతోంది, ఆవిడది పెరుగుతోంది. మధ్యలో కుండ ఉంది. ఇంకేం కావాలి?

మా గదికి ఎదురుగా ఫూల్మతి వాళ్లుండేవాళ్లు. ఫూల్మతి నా ఈడుది. వాళ్లమ్మని నేను మౌసీ అనేదాన్ని. వాళ్లది భోజ్‌పురి, వీధిలో అందరం మాట్లాడుకునేది క్రియోల్. మౌసీతో నేను వచ్చీరాని భోజ్‌పురిలో మాట్లాడేదాన్ని. ఒకరోజు కాలవ దగ్గర బట్టలు ఉతుకుతూ నా తల చూసి ముక్కు మూసుకుంది. "ఏం రాస్తోందే నీకు ఆ ముసల్ది? ఆ కుండలో ఏముంది?" అంది.

"కలి ఉంది" అన్నాను.

ఆవిడ ఉతకడం ఆపేసింది. "కాళీయా? కుండలోనా?"

మన 'కలి'కీ వాళ్ల 'కాళీ'కీ ఎంత తేడా ఉందో నాకు తెలుసు. పులిసిన కడుగుని మన ఇళ్లలో కలి అంటారని ఆవిడకి తెలియదు. ఆవిడకి తెలియదని నాకు తెలుసు. ఆ క్షణంలో నాకూ అర్థం కాలేదని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. అర్థమైంది. కానీ అంత పెద్దామె నా మాట కోసం చేతిలో బట్ట వదిలేసి, నోరు తెరుచుకుని చూస్తోంది. అలా నన్నెవరూ ఎప్పుడూ చూడలేదు. పైగా నా అనుమానం నాకుంది. ఊఁ అన్నాను. ఇంకా చెప్పాను. రోజూ దానికి పెడుతుందన్నాను. శుక్రవారం బొట్టు పెడుతుందన్నాను. ఖాళీ చేస్తే ఇంటికి మంచిది కాదటన్నాను. నా జుట్టు గోడలో దాస్తోందన్నాను. ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ నిజాలే చెప్పి ఒక మనిషిని ముంచాను.

మౌసీ తడి చేత్తో నా రెక్క పట్టుకుంది. "ఇక ఆ గడప తొక్కకు. నీ తలకి తగిలిందేదీ దాని చేతికి ఇవ్వకు. ఒక్క పోగు కూడా ఇవ్వకు. ఇది లొంగానిస్" అంది. లొంగానిస్ అంటే ఇక్కడ చేతబడి. ఆ మాట పగటిపూట కూడా గట్టిగా అనరు.

వారం తిరక్కుండా మౌసీ చంటివాడికి జ్వరం తగిలింది. ఎనిమిది నెలల పిల్లాడు, బొద్దుగా ఉండేవాడు, నా చేతుల్లోకి ఉరికేవాడు. మూడో రోజుకి పోయాడు. ఆ వారం క్యాంపులో ఇంకో ఇద్దరు పిల్లలు కూడా అదే జ్వరంతో పోయారు. ఆ ఇద్దరి సంగతి ఎవరికీ గుర్తులేదు. కుండ సంగతి అందరికీ గుర్తొచ్చింది.

నేను చూస్తుండగానే జరిగింది. ఆవిడ కలుపు తియ్యడానికి పొలానికి పోయింది. మౌసీ ముందు నడిచింది, వెనక పది పన్నెండు మంది ఆడవాళ్లు. మన తెలుగు ఆడవాళ్లు పొలంలో ఉన్నారు, ఒక్కరూ లేరు. మౌసీ ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి మొహం ఎండిపోయింది. నేను ఆవిణ్ణి తప్పుపట్టలేను, ఇప్పుడు కూడా. కుండని గుమ్మం బయటికి తెచ్చి రాయి మీద వేసి కొట్టారు. తెల్లటి నీళ్లు మట్టిలోకి పారాయి. గోడ సందుల్లోంచి నా జుట్టు ఉండలు లాగి, "చూశారా!" అన్నారు. ఆ ఉండలూ, ఆవిడ రెండు చీరలూ, కుండకి కట్టిన గుడ్డా పోగేసి కర్పూరం వేసి కాల్చారు. నేలంతా పేడతో అలికారు. పెంకులు ఏరి కాలవలో పారేశారు. ఇంత జరుగుతుంటే నేను వేప కర్ర చేత్తో పట్టుకుని నిలబడ్డాను. దిష్టి తగలకుండా మౌసీయే ఇచ్చింది అది. 'దిలో దిరి' అని రెండు ముక్కలు అంటే చాలు. బియ్యం నీళ్లు అని క్రియోల్‌లో. అక్కడున్న ప్రతి మనిషికీ అర్థమయ్యేది. నేను అనలేదు.

సాయంత్రం ఆవిడ వచ్చి ఖాళీ మూలని చూసింది. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అలికిన నేల మీద కూర్చుని, వేలితో తడిమి, వేలు వాసన చూసుకుంది. ఒకసారి దగ్గర, ఒకసారి దూరం. అమ్మ పరిగెత్తుకుని వెళ్లి, "ఆ జుట్టు ఎందుకు దాచావు పిన్నీ, దాన్నే పట్టుకున్నారు వాళ్లు" అని ఏడ్చింది. "గుంటకి సవరం కడదారని" అందట. గుంటంటే పిల్ల, నేనే; ఊడిన జుట్టుతోనే నా బోడి కనబడకుండా సవరం. అమ్మ ఇంటికొచ్చి ఆ మాట చెప్తుంటే నేను చాపలో మొహం దాచుకున్నాను. మర్నాడు సర్దారు వచ్చి, గొడవలు పడే మనుషులు క్యాంపులో వద్దనీ, ఎలాగూ పని తగ్గిపోయిందనీ, ఆదివారానికి గది వదిలెయ్యమనీ చెప్పి పోయాడు. టేర్ రూజ్‌లో కూరగాయలు పండించుకునే మనవాళ్లెవరో చేరదీస్తామన్నారట.

శనివారం మధ్యాహ్నం ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఆవిడ మా గుమ్మం దగ్గరికొచ్చింది, లోపలికి రాలేదు.

"అమ్మీ, నీ తలకి సుట్టే గుడ్డుంది గదా. అదోసారి ఇత్తావా?" అంది.

మౌసీ ఏం చెప్పిందో అచ్చం అదే జరుగుతోంది. నీ తలకి తగిలిందేదీ ఇవ్వకు. సవరం సంగతి విని ఏడ్చిన దాన్నే, అయినా అనుమానం పోలేదు. అందరినీ వదిలేసి నా గుడ్డ ఎందుకు అడుగుతోంది? పోతూ పోతూ నా పని పట్టడానికి కాకపోతే?

"కాలిపోయింది. పొయ్యిలో పడింది" అన్నాను.

గుడ్డ నా చాప కింద ఉంది. ఆవిడ గుమ్మంలోంచే కొంచెం ముందుకి వంగి ఊపిరి పీల్చింది. తరవాత నాలుగడుగులు వెనక్కి వేసి, దారి మీద నిలబడి, మళ్లీ పీల్చింది. నా కళ్లలోకి చూసింది. ఆవిడకి తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది. లోపలికి వచ్చి చాప ఎత్తితే చాలు, నేను ఆపగలిగేదాన్ని కాదు. రాలేదు.

"ఏటో..." అంది. రెండో ముక్క అనలేదు. వెళ్లిపోయింది.

ఆవిడ కనుమరుగవగానే గుడ్డ తీసి పొయ్యిలో పెట్టాను. నా అబద్ధం నిజమైపోవాలి కదా. పొలం నుంచి వచ్చిన అమ్మ కంపు పసిగట్టి ఏమిటని అడిగితే జరిగింది చెప్పాను, తెలివైన పని చేశానని మెచ్చుకుంటుందనుకుని. అమ్మ నెత్తి మీది గంప అలాగే వదిలేసింది.

"ఓసి నీ మొహం మండా! ఎంత పని చేశావే! అది తోడే. కలి తోడు. మా పిన్నికి వాళ్లమ్మ తన కలికుండలో కొంగు ముక్క ముంచి, ఎండబెట్టి, మొల్లో కట్టి ఓడెక్కించింది. ఇక్కడికొచ్చాక ఆ ముక్క కడుగులో వేసుకుంటేనే కలి మళ్లీ పుట్టింది. కుండ పగిలినా, ఆవిడ గుడ్డలన్నీ కాలిపోయినా, నీ తలగుడ్డ ఒక్కటే మిగిలింది ఈ దేశంలో. వాళ్లమ్మ కలి ఆ గుడ్డలోనే మిగిలింది!"

తెల్లారి చూస్తే చివరి గది ఖాళీగా ఉంది. ఆవిణ్ణి మళ్లీ చూడలేదు. జుట్టు వచ్చింది నాకు, ఆర్నెల్లలో బోడి పూడింది. జ్వరం తరవాత ఊడిన జుట్టు దానంతట అదే వస్తుందని డాక్టర్లు అంటారు. కావచ్చు. ఆవిడ పోసిన నాలుగు వారాల నీళ్ల వల్ల కూడా కావచ్చు. టేర్ రూజ్ ఎంత దూరం? దగ్గరే. పాంప్లెమూస్‌లో మా ఆడపడుచు ఇంటికి ఏటా వెళ్తూ ఆ ఊరు మీదుగానే పోయాను. ఒక్కసారి దిగి ఉంటే అయిపోయేది. మొహం చెల్లలేదు.

శుక్రవారం బండి వచ్చింది. నేను పొద్దుటి నుంచీ గుమ్మంలోనే ఉన్నాను. ఆయన బండి దిగుతూనే నవ్వాడు.

"గుర్తొచ్చేసిందమ్మా. ‘గుడ్డ కడుగులో ఏసుకో. సూద్దాం.’ అంతే. ఇంత చిన్న ముక్క ఎలా మర్చిపోయానో!"

ఏటో అని ఆపేసిన మనిషి, మిగతా ముక్క పద్నాలుగేళ్ల తరవాత పంపింది. ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి అడిగాను. వాళ్ల దొడ్లోనే ఉండేదట ఆవిడ. వచ్చిన కొత్తలో కుండ మీద కుండ పెట్టేదట. పులియగానే రెండుసార్లు వాసన చూసి, "ఇది మా అమ్మది కాదు" అని అరటి చెట్టు మొదట్లో పారబోసేదట. ఎన్ని కుండలో లెక్క లేదట. చివరికి ఒకనాడు ఒక కుండ ఉంచేసిందట. "ఇదీ ఏదో ఒకటి" అందట.

"పోయేనాటికి జుట్టు ఎలా ఉంది?" అని అడిగాను. చూడండి నా బుద్ధి.

"తెల్లబడిపోయిందమ్మా, మొత్తం. పొడుగు మాత్రం మోకాళ్ల దాకా ఉంది."

ఆయన పోయాక గోడ మీది రాయి తీసి, మూట చేత్తోనే విప్పాను. నీలం చీర కొంగు ముక్క, గట్టిపడి అట్టలా ఉంది. ముక్కుకి ఆనించుకుని వాసన చూశాను. చెయ్యి చాపి మళ్లీ చూశాను. ఏడుపు ఆగలేదు. మా ఆయన కంగారుపడి ఏమైందన్నాడు. లేచి వెళ్లి బియ్యం కడిగి, మొదటి నీళ్లు పారబోసి, రెండో నీళ్లలో గంజి కలిపి, కొత్త కుండలో పోసి గుడ్డ వేశాను. మూడో రోజు పొద్దున్న మూత తీస్తే సన్నటి బుడగలు పైకి వస్తున్నాయి.

పెరట్లో కుండ ముందు కూర్చుని ఉండగా పక్కింటి కోడలు గోడ మీంచి తొంగిచూసింది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, భోజ్‌పురి వాళ్లే. ముక్కు చిట్లించింది.

"ఏంటి అక్కా ఆ వాసన? ఆ కుండలో ఏముంది?"

"కలి ఉంది" అన్నాను.

ఆ పిల్ల గోడ మీంచి చెయ్యి తీసేసింది. మొహం పాలిపోయింది. "కాళీయా?"

"కాదమ్మా. కాళీ కాదు, కలి. దిలో దిరి. బియ్యం కడిగిన నీళ్లు, పులిశాయి. తలకి రాసుకుంటాం, చారు పెట్టుకుంటాం. ఇదిగో, రా, చూడు" అని మూత పూర్తిగా తీసి కుండ గోడ దగ్గరికి ఎత్తి పట్టుకున్నాను.

ఆ పిల్ల వంగి చూసింది. వాసన చూసింది.

"అంతేనా?" అంది.

"అంతే" అన్నాను.